వీణను అమెరికా పంపాలంటే: పెట్టె విప్పే చేతుల కోసం ప్యాకింగ్

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలోనో, నూజివీడులోనో చేయించిన వీణ డాలస్‌లో ఉన్న మనవరాలి చేతికి చేరాలంటే ఇక్కడ ఎక్కేటప్పుడు ఒకసారి, అక్కడ దిగాక మరోసారి ఎక్స్‌రే కిందికి వెళ్లాలి. తెర మీద ఏదైనా అర్థం కాకపోతే పెట్టె విప్పుతారు. ప్యాకింగ్ చేసేవాళ్లలో చాలామంది పెట్టె కింద పడితే ఏమవుతుందనే ఆలోచిస్తారు కానీ, విప్పితే ఏమవుతుందని ఆలోచించరు. పడితే తట్టుకునేలా చుట్టూ టేపు బిగించి, సందుల్లో థర్మకోల్ గుళికలు కూరి, మూతకు మేకులు కొడతారు. తనిఖీ చేసేవాడు ఆ మేకుల్ని గునపంతో లేపుతాడు, టేపు కోస్తాడు, గుళికలు నేల మీద పోస్తాడు. వీణ అంటే ఏమిటో అతనికి తెలియదు. ఎత్తాల్సి వస్తే చేతికి అందేది దండి (మెట్లుండే పొడవాటి మెడ), లేదా దాని కొసన చెక్కిన యాళి (సింహం లాంటి పురాణ జంతువు) తల. చూడటం అయిపోయాక అన్నీ లోపలికి నెట్టి పైన టేపు వేస్తాడు. అక్కడి నుంచి మిగిలిన ప్రయాణమంతా మీరు చేసిన ప్యాకింగ్‌లో సగం మాత్రమే వీణకు తోడుంటుంది.

అందుకే పెట్టెను రెండు పనుల కోసం తయారుచేయాలి. ఒకటి దెబ్బ తట్టుకోవడం. రెండోది, వీణను తాకకుండానే మొత్తం కనిపించేలా తెరుచుకోవడం, మళ్లీ ఒకే ఒక్క తీరులో మూసుకోవడం. ఈ రెండోదే కష్టం. కింద చెప్పేదంతా దాదాపు దాని గురించే.

ముందు వీణలో ఏది విరుగుతుందో తెలుసుకోండి

ఒకే పనస మొద్దును తొలిచి చేసిన ఏకాండి వీణలో కుండకూ (అడుగున ఉండే పెద్ద గుండ్రటి భాగం) దండికీ మధ్య అతుకు ఉండదు కాబట్టి ఆ భయం తక్కువ. అతుకుల వీణలో మొదట విడిచేది అదే చోటు. ఏ వీణలోనైనా యాళి తల, తంతులు బిగించే బిరడలు, కుండ మీది పలక, సొరకాయ బుర్ర బలహీనమైన జాగాలు. బుర్ర ఇప్పుడు చాలావరకు కాగితపు గుజ్జుతోనో ఫైబర్‌తోనో చేస్తున్నారు. అసలు సొరకాయ అయితే మాత్రం గుడ్డు పెంకులాంటిదే.

వీణలో ప్రయాణాన్ని అన్నిటికంటే తట్టుకోలేనిది కొయ్య కాదు, మైనం. 24 ఇత్తడి మెట్లు నిలబడేది మైనంలో బొగ్గుపొడి కలిపి పోసిన మేళం మీద. తేనెమైనం కరిగేది 62 నుంచి 64 డిగ్రీల దగ్గర, కానీ అంతకు చాలా ముందే, 40 దాటేసరికి మెత్తబడుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో, విమానాశ్రయం ఆవరణలో ట్రాలీ మీద ఉన్న పెట్టె లోపల వేడి ఎంతకు పోతుందో ఊహించుకోండి. ఆ సమయంలో పెట్టె నిలువుగా నిలబడి ఉంటే మెట్లు కిందికి జారతాయి, బోర్లా ఉంటే ఊడి పడతాయి. చేరిన వీణ చూడటానికి చెక్కుచెదరకుండా ఉంటుంది, మీటితే ఒక్క స్వరమూ పలకదు. దీన్ని నష్టంగా ఏ బీమా కంపెనీ చేతా ఒప్పించడం కష్టం, ఎందుకంటే వేడికి మెత్తబడటం వస్తువు స్వభావమే అంటారు.

కాబట్టి వీలైతే ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల దాకా పంపకండి. డిసెంబరు, జనవరిలో అక్కడ ఇళ్లలో హీటర్ల వల్ల గాలి ఎండిపోతుంది, కోస్తా తేమకు అలవాటుపడ్డ కొయ్య బిగుసుకుని పగుళ్లిస్తుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలలే మేలు. దసరాకి ముందే ఆర్డరు పెట్టి, నవంబరు పండగ రద్దీ మొదలయ్యేలోపు పంపేయడం తెలివైన పని.

పంపే ముందు చేసే కొలతలు

ఈ పనికి అరగంట పడుతుంది, దీన్ని ఎగ్గొట్టకండి. మేరువు (తలవైపు తంతులు ఆనే చిన్న గట్టు) నుంచి ప్రతి మెట్టు ఎంత దూరంలో ఉందో స్టీలు స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి, 24 అంకెలూ ఒక కాగితం మీద రాయండి. స్కేలును దండి పక్కనే పెట్టి నేరుగా పైనుంచి ఫోటో తీయండి. మెట్లు జారితే అక్కడ మేళకట్టు, అంటే మెట్లను శ్రుతికి అమర్చే పని, తెలిసినవాళ్లు దొరకడం అరుదు; ఈ అంకెలు చేతిలో ఉంటే సంగీతం టీచరు దాదాపు ఇల్లు చక్కదిద్దుకున్నట్టు సర్దుకోగలరు. గుర్రం, అంటే అందరూ బ్రిడ్జి అనేది, ఎక్కడ కూర్చుందో నాలుగు మూలలా సన్నటి పెన్సిల్ గీతతో గుర్తు పెట్టండి. చెరిగితే భయం లేదు, ఒక లెక్క ఎప్పుడూ ఉంటుంది: 12వ మెట్టు మేరువుకూ గుర్రానికీ ఇంచుమించు సగంలో ఉండాలి.

తంతుల విషయంలో ఇద్దరు నిపుణులు మూడు మాటలు చెబుతారు. బిగుతు మీదే పంపితే పెట్టె పడ్డప్పుడు ఆ లాగుడుకు దండి మీద ఒత్తిడి పడుతుంది. పూర్తిగా వదిలేస్తే గుర్రం పడిపోతుంది, ఎందుకంటే అది జిగురుతో కాదు, తంతుల ఒత్తిడితోనే నిలుస్తుంది. పడిన గుర్రం పెట్టెలో దొర్లుతూ పలకను గీరుతుంది. అందుకోవాల్సిన మనిషికి వీణ వచ్చు, లేదా దగ్గర్లో టీచరు ఉన్నారు అంటే, గుర్రాన్ని తీసి గుడ్డలో చుట్టి విడిగా పెట్టండి. తంతులు కొద్దిగా వదులు చేసి, లంగర్లు (తంతుల కొసన శ్రుతిని సరిచేసే లోహపు ముక్కలు) పలకకు తగలకుండా కింద మెత్తటి గుడ్డ పరవండి. ఎవరూ లేరంటే గుర్రం ఉంచే పంపండి. శ్రుతిని నాలుగైదు స్వరాలు దించి, గుర్రానికి రెండు వైపులా ఫోమ్ ముక్కలు ఆనించి, గుడ్డ పట్టీతో కుండ చుట్టూ కట్టండి. రెండూ పనిచేస్తాయి, కానీ రెండింటికీ మధ్యలో ఉండే సగం సగం పద్ధతి పనిచేయదు.

మెట్ల మీద మైనానికి ఏదీ అంటుకోకుండా ముందు పలచటి నూలు గుడ్డ, దాని మీద 1 సెంటీమీటరు మందం ఫోమ్ పట్టీ పరిచి, మూడు చోట్ల నూలు నాడాతో దండికి కట్టండి. మైనం మెత్తబడినా మెట్టు కదలకుండా ఈ పట్టీయే పట్టుకుంటుంది. బబుల్ షీటును నేరుగా పాలిష్ మీద చుట్టకండి. వేడికి బుడగల గుర్తులు వార్నిష్ మీద గుండ్రంగా అచ్చు పడతాయి, అవి పోవు. ముందు నూలు గుడ్డ, తర్వాతే ప్లాస్టిక్.

పెట్టె

బుర్రను మర విప్పి తీయండి. అప్పుడు వీణ పొడవు సుమారు 125, కుండ వెడల్పు 38 సెంటీమీటర్లు. చుట్టూ 5 సెంటీమీటర్ల ఫోమ్ కలుపుకుంటే బయటి కొలత దాదాపు 140, 50, 50. మీ వీణ కొలిచాకే వడ్రంగికి చెప్పండి, చేతి పని కాబట్టి ఏ రెండూ ఒక్కలా ఉండవు.

ఇప్పుడు చార్జీ లెక్క చూడండి. కొరియర్లు అసలు బరువు, పరిమాణపు బరువు రెండింట్లో ఎక్కువదానికి చార్జీ వేస్తాయి; పరిమాణపు బరువు కోసం సెంటీమీటర్లలో మూడు కొలతలూ గుణించి 5000తో భాగిస్తారు. 140ని 50తో, మళ్లీ 50తో గుణిస్తే 3,50,000; అంటే 70 కిలోలు. వీణ బరువు 8 కిలోలే. మీరు ఎలాగూ 70 కిలోల డబ్బు కడుతున్నప్పుడు పలచటి అట్టపెట్టె ఎంచుకుని మిగుల్చుకునేది ఏమీ లేదు. 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పెట్టె 18, 20 కిలోలు తూగుతుంది. వీణ, ఫోమ్ కలిపినా మొత్తం 30 దగ్గర ఆగుతుంది. చెక్క పెట్టెకు, పొడవాటి పెట్టెకు విడిగా చార్జీ వేసే కొరియర్లు ఉన్నాయి, అది ముందే అడగండి. పోస్టాఫీసు స్పీడ్‌పోస్టుకు ఈ పెట్టె పట్టదు. ఆ సర్వీసులో సాధారణ హద్దు పొడవు, చుట్టుకొలత కలిపి 3 మీటర్లు. మనది 3 మీటర్ల 40 సెంటీమీటర్లు.

పెట్టె ప్లైవుడ్‌దే కావాలనడానికి ఇంకో కారణం ఉంది. ముడి కొయ్యతో చేసిన పెట్టెలకు ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ నిబంధన వర్తిస్తుంది: కొయ్య నడిమధ్య వేడి 56 డిగ్రీలకు చేరి 30 నిమిషాలు ఉండాలి, లేదా పొగబెట్టాలి, ఆపైన గోధుమ కంకి బొమ్మ, దేశం అక్షరాలు ఉన్న ముద్ర పడాలి. ప్లైవుడ్‌కు ఈ ముద్ర అక్కర్లేదు, జిగురుతో వేడి మీద నొక్కి చేసింది కాబట్టి. కానీ వడ్రంగి అలవాటుగా మూలలకు మామిడి చెక్క పట్టీలు కొడతాడు, అడుగున యూకలిప్టస్ దుంగలు వేస్తాడు. ఆ రెండు పట్టీల వల్లే సరుకు ఆగిపోతుంది. ముద్ర లేని ముడి కొయ్య దొరికితే అమెరికాలో దాన్ని వెనక్కి పంపమంటారు. లేదా కనికరిస్తే వీణను బయటికి తీసి పెట్టెను వదిలేయమంటారు. ఎటుచూసినా వీణ పరాయి చేతుల్లో పెట్టె బయట ఉంటుంది. పట్టీలు కూడా ప్లైవుడ్ ముక్కలతోనే వేయించండి. గడ్డి, రంపపు పొట్టు, పాత బస్తాలు లోపల పెట్టనే వద్దు, అవి వ్యవసాయ తనిఖీని పిలిచి తెచ్చుకోవడమే.

ఇక తెరుచుకునే తీరు. పైమూత ఒక్కటే తెరిచే పెట్టెలో దండి కింద ఏముందో చూడాలంటే వీణను ఎత్తాల్సిందే. అందుకని పైమూతా, పొడవాటి ముందు పలకా రెండూ ఊడేలా చేయించండి. రెండూ తీస్తే వీణ అరలో పడుకున్న పాపలా పైనుంచీ పక్కనుంచీ కనిపిస్తుంది. బుర్ర దండి కింది ఖాళీలో విడి అరలో ఉండి, ముందు నుంచి జరిపి తీసేలా ఉండాలి, దాని నోరు బయటికి తిరిగి ఉండాలి. లోపల ఏమీ లేదని టార్చి వేసి చూసి తెలుసుకోవచ్చు, చేయి పెట్టాల్సిన అవసరమే ఉండదు.

మేకులు వద్దు. మర మేకులు కూడా నాలుగోసారి తిప్పేసరికి ప్లైవుడ్‌లో పట్టు వదిలేస్తాయి. పెట్టె అంచుకు లోపలి నుంచి మర నట్లు దిగ్గొట్టించి, 6 మిల్లీమీటర్ల బోల్టులతో మూత బిగించండి. మూతకు 6, ముందు పలకకు 4 చాలు. అన్నీ ఒకే పొడవు, ఒకే తల. పొడుగూ పొట్టీ కలిస్తే తిరిగి బిగించేవాడు పొడుగు బోల్టును పొట్టి రంధ్రంలో పెట్టి లోపలికి పొడిచేస్తాడు. రెండు అదనపు బోల్టులు, బోల్టు తలకు సరిపడే చిన్న పానా ఒక సంచిలో వేసి మూత లోపల కట్టండి. పెట్టె చుట్టూ ప్లాస్టిక్ పట్టీలు వేసుకోవచ్చు, కానీ వాటి మీద ఆధారపడకండి. తనిఖీలో అవి కోసేస్తారు, మళ్లీ వేసే మిషను అక్కడ ఉండదు. పట్టీలు తీసేసినా పెట్టె గట్టిగా నిలవాలి.

లోపల సర్దడం

ఫోమ్ అంటే పరుపుల్లో వాడే స్పాంజి కాదు. అది 8 కిలోల బరువుకు అడుగంటా కుంగిపోతుంది. ప్యాకింగ్ దుకాణంలో తెల్లగా, గట్టిగా ఉండే ఈపీఈ ఫోమ్ పలకలు అడగండి, 5 సెంటీమీటర్ల మందం.

బరువు రెండు చోట్లే ఆనాలి: కుండ కింద, దండి మధ్యభాగం కింద. కుండ ఆకారానికి ఫోమ్‌ను గుండ్రంగా తొలిపించండి, దండికి వెడల్పాటి గాడి. యాళి తల, బిరడలు దేనికీ తగలకూడదు. చుట్టూ కనీసం 3 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. చాలామంది జాలిపడి యాళి చుట్టే ఎక్కువ దూది కుక్కుతారు. పెట్టె కింద పడ్డప్పుడు వీణ బరువంతా ఆ మెడ మీదికి వస్తుంది, అది టక్కున విరుగుతుంది. తల గాలిలో ఉంటేనే క్షేమం.

ఈ ఫోమ్ ముక్కలన్నీ పెట్టెకు జిగురుతో అతికించేయండి. విడిగా ఉండే ముక్కలు మూడుకు మించకూడదు: కుండ మీద ఒకటి, దండి మీద ఒకటి, బుర్రకు అడ్డం ఒకటి. వాటి మీద పెద్దగా 1, 2, 3 అని రాయండి, ఏ ముక్క కూర్చునే చోట ఆ అంకె పెట్టె గోడ మీద కూడా రాయండి. వీణను పట్టి ఉంచేందుకు టేపు వాడకండి, వెల్క్రో పట్టీలు వాడండి. కోసిన టేపును ఎవరూ తిరిగి అతికించరు, వెల్క్రోను మాత్రం ఎవరైనా అలవాటుగా మూసేస్తారు. వీణను చుట్టే ప్లాస్టిక్ కవరు పారదర్శకంగా ఉండాలి. నల్ల కవరు, వెండి రంగు కాగితం, పొరల మీద పొరలు అన్నీ చింపించుకోవడానికే పనికొస్తాయి. 100 గ్రాముల సిలికాజెల్ పొట్లాలు రెండు, పేరు పైకి కనిపించేలా కవరులో వేయండి. అంతకు మించితే కొయ్యనే ఎండబెట్టేస్తుంది.

మూత లోపలి వైపు ప్లాస్టిక్ తొడుగులో ఒక ఏ4 కాగితం అంటించండి. దాని మీద మూడు ఫోటోలు: మూత తీశాక ఎలా ఉంది, ముందు పలక తీశాక ఎలా ఉంది, 1, 2, 3 ముక్కలు తిరిగి పెట్టాక ఎలా ఉంది. ఇంగ్లీషులో నాలుగు లైన్లు చాలు: ఇది చేతితో చేసిన తంతి వాద్యం, లోపల బోలుగా ఉంటుంది, ఎత్తకుండానే అన్నీ కనిపిస్తాయి, ఎత్తక తప్పకపోతే కుండ కింద ఒక చేయి, దండి మధ్యలో ఒక చేయి, మెట్లను, తలను పట్టుకోవద్దు. బతిమాలుతూ పేరాలు పేరాలు రాయకండి, నిలబడి పనిచేసేవాడు చదవడు. బయట బాణం గుర్తు, గాజు గ్లాసు బొమ్మ వేయొచ్చు. వాటిని చూసి పెట్టెను మెల్లగా దించేవాళ్లు ఉంటారని మాత్రం లెక్క వేసుకోకండి. మూత మీద మాత్రం ఎర్ర అక్షరాలతో ఇక్కడ తెరవండి అని, ఏ సైజు పానాయో రాయండి. లేకపోతే అడుగు పలక లాగేస్తారు.

మూత లోపలే ఒక చుట్ట టేపు కూడా పెట్టండి. విప్పిన చోట టేపు దొరక్క మూత సగం మూసి పంపిన సందర్భాలు ఈ కొద్ది రూపాయల ఖర్చుతో పోతాయి.

అనుమానం రాకుండా

తనిఖీలో జరిగే నష్టాన్ని తగ్గించే అసలు మార్గం తనిఖీనే తగ్గించుకోవడం. ఎక్స్‌రే తెర మీద వీణ ఎలా ఉంటుందో ఆలోచించండి: మందపాటి కొయ్య, లోపల పెద్ద బోలు, వరసగా లోహపు కడ్డీలు, దట్టమైన మైనం. మాదకద్రవ్యాలు దాచడానికి వాద్యాల బోలు కడుపులు వాడతారని కస్టమ్స్‌కు తెలుసు. అనుమానం ముదిరితే కుక్కల్ని తెస్తారు, కెమెరా గొట్టం దూరుస్తారు, మరీ ముదిరితే బర్మాతో చిన్న కన్నం పెడతారు.

అందుకే కుండలో, బుర్రలో, పెట్టె మూలల్లో ఒక్క నూలుపోగు కూడా అదనంగా పెట్టకండి. ఇది మనవాళ్లకు చెప్పినా వినరు. 70 కిలోల డబ్బు కట్టాక ఖాళీ చూస్తే ప్రాణం ఒప్పదు. అరకిలో కందిపొడి, రెండు డబ్బాల ఆవకాయ, పట్టు చీర దూరుస్తారు. పొడి అంటే తెర మీద పొడే, దాన్ని పరీక్షించాల్సిందే. తిండి పదార్థమంటే చాలావరకు అమెరికా ఆహార శాఖకు ముందస్తు నోటీసు కావాలి. ఆవకాయ నూనె కారి పనస కొయ్యలోకి ఇంకితే ఆ మరక, ఆ వాసన వీణతోనే ఉంటాయి. సరస్వతీదేవి వాద్యం కదా అని యాళికి నెమలి ఈక కట్టడం కూడా ఉంది. నెమలి ఈకల ఎగుమతి మన దేశంలోనే నిషేధం.

పాత వీణలైతే ఇంకా జాగ్రత్త. కొయ్యలో పొదిగిన తెల్లటి అలంకారం ఏనుగు దంతమో దుప్పికొమ్మో అయితే వీణ బయటికి పోదు. వన్యప్రాణి రక్షణ చట్టం ఇక్కడే ఆపుతుంది, అమెరికాలో ఇంకా గట్టిగా ఆపుతారు. పొదిగింది ప్లాస్టికే అయితే, చేసిన శిల్పి చేత రసీదు మీద ఆ మాట రాయించండి. 100 ఏళ్లు దాటిన వస్తువు 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం దేశం దాటకూడదు. పాతదిలా కనిపించే వీణకు పురావస్తు శాఖ నుంచి ఇది పురావస్తువు కాదనే సర్టిఫికెట్ తెచ్చుకుంటే నెలల తరబడి గిడ్డంగిలో పడి ఉండే బాధ తప్పుతుంది. దండి కొన్నిచోట్ల రోజ్‌వుడ్‌తో చేస్తారు. 2019 నవంబరు 26 నుంచి పూర్తయిన సంగీత వాద్యాలకు ఆ కొయ్య విషయంలో సైటిస్ (అంతరించిపోయే జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) అనుమతి పత్రం అక్కర్లేదు, అయినా కొయ్య పేరు నిజం రాయాలి. పనసకు ఏ గొడవా లేదు. ఇన్వాయిస్‌లో శాస్త్రీయ నామం ఆర్టోకార్పస్ హెటెరోఫిల్లస్ అని రాయించండి. విలువ 2500 డాలర్లు దాటి ఫార్మల్ ఎంట్రీ (పూర్తి స్థాయి కస్టమ్స్ ప్రకటన) అయితే, అక్రమ కలపను అడ్డుకునే అమెరికా లేసీ చట్టం కింద అది అడుగుతారు కూడా.

పుచ్చు సంగతి చూసుకోండి. కొయ్య మీద గుండుసూది మొనంత కన్నాలు, కింద సన్నటి పిండి కనిపిస్తే పంపకండి. సొరకాయ బుర్ర అయితే ఊపి చూడండి, లోపల గింజలు గలగలమంటే శుభ్రంగా దులిపించాలి.

ఇన్వాయిస్ మీద బొమ్మ, గిఫ్ట్ ఐటెమ్ అని రాయకండి. తంతి వాద్యం, వీణ, పనస కొయ్య, ఇత్తడి మెట్లు, కొత్తది, చేతి పని. కస్టమ్స్ సరుకును వర్గీకరించే హెచ్ఎస్ కోడ్ 9202 90. విలువ కొన్న ధరే. 40 వేల వీణను 4 వేలని రాస్తే సుంకం తగ్గుతుందనుకుంటారు. 140 సెంటీమీటర్ల ప్లైవుడ్ పెట్టెలో 50 డాలర్ల వస్తువంటే అదే మొదటి అనుమానం. పైగా విరిగితే వచ్చేది ఆ 50 డాలర్లే. 800 డాలర్ల లోపు సరుకుకు సుంకం లేదనే పాత వెసులుబాటును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. సుంకం రేటు పదేపదే మారుతోంది కాబట్టి బుక్ చేసే రోజున కొరియరు చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. సుంకం కట్టేది పంపేవారా, అందుకునేవారా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. ఆ గొడవలో పెట్టె గిడ్డంగిలో ఉన్న ప్రతి వారం అదనపు ముప్పే.

విరిగితే ఎవరు ఇస్తారు

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది. విమానంలో అంతర్జాతీయంగా పోయే సరుకుకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. దాని ప్రకారం రవాణా సంస్థ బాధ్యత గరిష్ఠంగా కిలోకు 26 ఎస్‌డీఆర్; ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) లెక్క కట్టే విలువ కొలమానం. 2024 డిసెంబరు 28 నుంచి ఈ అంకె అమల్లో ఉంది. 30 కిలోల పెట్టెకు 780, ఉజ్జాయింపుగా వెయ్యి డాలర్లు. కానీ అదే ఒప్పందం 18వ అధికరణం ఇచ్చే మినహాయింపుల్లో రెండు మనకు ముఖ్యం: ప్యాకింగ్ సరిగా లేకపోతే బాధ్యత లేదు, సరుకు దేశంలోకి రావడం, పోవడం, దాటడానికి సంబంధించి ప్రభుత్వ అధికారులు చేసిన పని వల్ల నష్టమైతే బాధ్యత లేదు. కస్టమ్స్ తనిఖీ ఆ రెండోదాని కిందికి సూటిగా వస్తుంది. ఇటు ప్రభుత్వం మీద దావా వేద్దామంటే, కస్టమ్స్ అధికారులు సరుకును ఆపి ఉంచడం వల్ల వచ్చే దావాలను అమెరికా చట్టం బయట పెట్టింది. ఆపి ఉంచినప్పుడు నిర్లక్ష్యంగా చూడటం వల్ల అయిన నష్టం కూడా అందులోకే వస్తుందని 1984లో అక్కడి సుప్రీంకోర్టు కొసాక్ కేసులో చెప్పింది. ఆ కేసు కూడా కస్టమ్స్ అధీనంలో దెబ్బతిన్న కళాఖండాల గురించే.

మిగిలేది బీమా. కొరియరు కౌంటరులో నూటికి ఒకటో రెండో కట్టించుకునే కవరేజీ బీమా కాకపోవచ్చు. అందులో వాద్యాలు, పగిలే వస్తువులు మినహాయింపుల జాబితాలో ఉండొచ్చు. బయట మెరైన్ కార్గో పాలసీ తీసుకోండి, పేరు మెరైన్ అయినా విమానానికీ వర్తిస్తుంది. అన్ని ముప్పులకూ వర్తించే రకం, విమానానికైతే ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజెస్ (ఎయిర్), అడగండి. వస్తువు, రవాణా ఖర్చు కలిపిన విలువ మీద పది శాతం అదనంగా వేయించుకోవడం వాడుక. ఏజెంటును ఒక్క ప్రశ్న అడిగి జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి: కస్టమ్స్ తనిఖీలో విప్పి మూసినప్పుడు జరిగే నష్టం కవరవుతుందా? ఈ పాలసీలో కూడా ప్యాకింగ్ చాలకపోవడం మినహాయింపే కాబట్టి, సర్దే ప్రతి దశలోనూ ఫోటో తీసి ఉంచండి. ఖాళీ పెట్టె, ఫోమ్ తొలిచిన తీరు, వీణ పెట్టాక, ముక్కలు పెట్టాక, మూత వేశాక, తూకం మీద. పెట్టె లోపల ఒక షాక్ ఇండికేటర్ అంటించండి, పెద్ద దెబ్బ తగిలితే దాని గొట్టం ఎర్రబడుతుంది. ఎక్కడ తగిలిందో అది చెప్పదు, తగిలిందని మాత్రం చెబుతుంది.

అక్కడ అందుకునేవారికి

ఈ భాగాన్ని వాళ్లకు వాట్సాప్‌లో ముందే పంపండి. డెలివరీ మనిషి ఉండగానే పెట్టె ఆరు వైపులా వీడియో తీయాలి. కస్టమ్స్ పేరున్న టేపు ఉంటే దగ్గరగా తీయాలి, చింపేయకూడదు. పట్టీలు తెగి ఉన్నా, మూల నలిగి ఉన్నా సంతకం పక్కనే ఆ మాట రాయాలి. ఏమీ రాయకుండా తీసుకుంటే సరుకు బాగానే అందిందని మాంట్రియల్ ఒప్పందమే లెక్కేస్తుంది. నష్టం కనిపిస్తే రాతపూర్వకంగా ఫిర్యాదు 14 రోజుల్లోపు పంపాలి. ఫోన్ చేసి చెప్పడం లెక్కలోకి రాదు. బీమా సర్వేయరు చూసేదాకా పెట్టె, ఫోమ్, టేపు ఏదీ పారేయకూడదు. విరిగిన బిరడను ఉత్సాహంగా ఫెవికాల్‌తో అతికించేయకూడదు.

పైనుంచి బాగానే ఉంటే వెంటనే వీణను బయటికి లాగక్కర్లేదు. మూత తీసి, షాక్ ఇండికేటర్ చూసి, ఫోటో తీసి, కవరు విప్పకుండా ఒక రోజు ఇంట్లో ఉంచాలి. చల్లటి గిడ్డంగి నుంచి వెచ్చటి ఇంట్లోకి వచ్చిన కొయ్య మీద తేమ పడుతుంది, అది ఆరాలి. తర్వాత మెట్లను మీరు పంపిన 24 అంకెలతో సరిచూసుకోవాలి. మైనం మీద వేలితో నొక్కి చూడకూడదు, కళ్లతోనే చూడాలి. గుర్రాన్ని పెన్సిల్ గుర్తుల్లో కూర్చోబెట్టి, తంతుల్ని ఒక్కరోజులో శ్రుతికి ఎక్కించకుండా మూడు నాలుగు రోజుల్లో కొద్దికొద్దిగా బిగించాలి. వాయించే తంతుల్లో మొదట సారణి, పంచమం, ఆ తర్వాత మంద్రం, అనుమంద్రం, చివర్లో మూడు తాళ తంతులు. బిరడలు జారుతుంటే వాటిని సుత్తితో కొట్టకుండా సుద్దముక్క రుద్ది, లోపలికి నొక్కుతూ తిప్పితే పట్టుకుంటాయి.